నూట పద్దెనిమిదా, నూట పంతొమ్మిదా

మాంటెవిడియోలో రాత్రి రెండు దాటాక
మందుల షాపుకి వచ్చేవి రెండే:
పసిపిల్లల జ్వరాలు, ముసలివాళ్ళ నిద్రలేమి.
డాక్టర్ చీటీ చూపించందే మాత్ర ఇవ్వను.
ఇరవై రెండేళ్ళుగా అదే మాట, అదే కిటికీ, అదే చిన్న గంట.

గంట మోగని వేళల్లో
జీతం లేని ఇంకో ఉద్యోగం నాది.
అందరూ రాసే విజ్ఞాన సర్వస్వంలో
పాత టీవీ సీరియళ్ళకి కాపలా.
ఎవరో వచ్చి హీరోయిన్ వయసు మూడేళ్ళు తగ్గించి పోతారు,
ఇంకెవరో చచ్చిన విలన్‌ని బతికించి పోతారు.
నేను ఇత్తడి గొట్టంతో ఒక గుక్క మాతే పీల్చి
చచ్చినవాణ్ణి మళ్ళీ చంపి
"ఆధారం లేదు" అని రెండు ముక్కలు రాసి వస్తాను.

ఆగస్టులో మొదలైంది.
'ఉప్పు ఇల్లు' పేజీలో
మొత్తం భాగాలు 118 అని ఉన్నచోట
పేరు లేని ఒక అంకెల చిరునామా
119 అని దిద్దింది.
చెరిపాను.
మళ్ళీ దిద్దింది.
చెరిపాను. ఆధారం?
"చూశాను" అంది.
చూడటం ఆధారం కాదన్నాను.
"మరి ఏది?"
అచ్చులో ఉన్నది.
"అచ్చు వేసినవాడు చూశాడా?"
నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.
ఆ కుందేలుకి ఒకటి ఎక్కువ.

మూడోసారికి సాల్తో నుంచి బ్రిహిదా దిగింది.
మా అందరికీ పెద్ద, మేమెవరం ముఖం చూడని పెద్ద.
పేజీకి తాళం వేసి
"ఇద్దరూ చర్చకి నడవండి" అంది,
జుట్లు పట్టుకున్న పిల్లల్ని
క్లాసు బయట నిలబెట్టినట్టు.

అక్కడ ఆ అంకెలకి ఒక పేరు మొలిచింది.
ఒబ్దూలియా. పైసాందూ ఊరు. డెబ్భై ఆరేళ్ళు.
ఆ సీరియల్‌కి బట్టలు కుట్టిందట.

"చివరి భాగంలో ఎలోయిసా ఓడ దిగుతుంది, బాబూ.
నీలం కోటు. భుజం దగ్గర రెండుసార్లు విప్పి కుట్టాను.
ఆ రాత్రి మీ రాజధానిలో కరెంటు పోయింది.
మాకు పోలేదు.
ఒక బొత్తాం నా సూదుల డబ్బాలో మిగిలింది.
బొత్తాం పనికొస్తుందా?"

పనికిరాదు.
బొత్తానికి పుట సంఖ్య ఉండదు.
అదే రాశాను, కొంచెం మర్యాదగా.

కానీ కరెంటు పోయిన ఆ రాత్రి నాకు తెలుసు.
నాకు పదకొండేళ్ళు.
టైటిల్ పాట సగంలో ఉండగా
తెరంతా ముడుచుకుని మధ్యలో తెల్లచుక్క అయింది,
చుక్క కూడా పోయింది.
అమ్మ కొవ్వొత్తి కోసం సొరుగులన్నీ తడుముతూ
"నిన్ననే అయిపోయిందిగా, పడుకో" అంది.
అయిపోయిందనే పడుకున్నాను.

శనివారం జాతీయ గ్రంథాలయానికి వెళ్ళాను.
ఆ రోజు పేపరు. పదమూడో పుట.
టీవీ కార్యక్రమాలు ఉండాల్సిన చోట
చదరంగా ఒక కన్నం.
వెనకవైపు గళ్ళనుడికట్టు ఎవరో కత్తిరించుకుపోయారు.
కన్నంలోంచి పదిహేనో పుటలోని
ట్రాక్టర్ ప్రకటన నన్ను చూస్తోంది.

ఇంటికొచ్చి పేజీ చరిత్ర మొదటికంటా తిప్పాను.
అసలీ 118 ఎవరిది?
తొమ్మిదేళ్ళ కిందట, జులై నెల,
తెల్లవారుజామున మూడూ పన్నెండు.
నా పేరు.
ఆధారం గడి ఖాళీ.

కెటిల్లో నీళ్ళు మరిగి మరిగి సగానికొచ్చాయి.

తాళం తీశాక
118 చెరపలేదు, 119 రాయలేదు.
నా అంకె పక్కనే, నా చేత్తోనే,
"ఆధారం కావాలి" అని తగిలించాను.
ఇన్నేళ్ళలో ఎన్ని వేలమందికి తగిలించానో అది,
ఇంత చిన్న అక్షరాల్లో ఉంటుందని ఎప్పుడూ గమనించలేదు.

తర్వాత ఒబ్దూలియాని అడిగాను,
ఏ పేజీకీ అక్కర్లేని ప్రశ్న:
ఆ కోటుకి ఎన్ని బొత్తాలు?

"ఆరు" అంది.
కాసేపటికి మళ్ళీ,
"కాదు, ఏడు. ఒకటి లోపలివైపు. బయటికి కనపడదు."

మర్నాడు ఎవరో వచ్చి
120 అని దిద్దిపోయారు.
గంట మోగుతోంది, జ్వరం పిల్లాడెవరో.
ఒక్క నిమిషం, అని కిటికీలోంచి కేకేసి
చెరిపాను.